వానకు ఆగి ఎండకు కదిలే బండి

ముసురు పట్టిన ఉదయం చందానగర్ మెయిన్ రోడ్డు మీద పాత బండ్ల ఆరోగ్యం బయటపడుతుంది. మియాపూర్ నుంచి లింగంపల్లి దాకా ముంబై హైవే మీద వాహనాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతుంటే, మధ్యలో ఒక పాత మారుతి 800 రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గాని అందుకోదు. మధ్యాహ్నం ఎండ కాశాక అదే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే లోపం కనబడదు. కనబడని లోపానికి కార్బ్యురేటర్ సర్వీసింగు, కొత్త ప్లగ్గులు, ఒక్కోసారి పెట్రోలు పంపు కూడా బిల్లులోకి ఎక్కుతాయి. మళ్లీ వాన పడగానే కథ మొదటికొస్తుంది. ఇలాంటి బండి విషయంలో పానా పట్టుకునే ముందు అడగాల్సింది ఒకటుంది: అది ఎప్పుడు ఆగింది? ఏ భాగం పాడైందో సగం అక్కడే తేలిపోతుంది.

కార్బ్యురేటర్ల కాలం నాటి పెట్రోలు కార్లలో 12 వోల్టుల బ్యాటరీ కరెంటును ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకు పెంచుతుంది. అది లావుపాటి వైరు గుండా డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడిమధ్యకు చేరుతుంది. లోపల తిరిగే రోటర్ దాన్ని వంతులవారీగా ప్లగ్గులకు పంచుతుంది, మారుతి 800లో మూడింటికి, అంబాసిడర్‌లో నాలుగింటికి. ప్లగ్గు కొసన గాలిని చీల్చుకుని దూకడం కంటే సులువైన దారి దొరికితే కరెంటు అటే పోతుంది. వాననీరు ఒక్కటే అంత మంచి దారేమీ కాదు. ఏళ్ల తరబడి క్యాప్ మీద పేరుకున్న దుమ్ము, ఆయిల్ జిడ్డు తడిసినప్పుడు ఆ పూతే కరెంటుకు బాట అవుతుంది. ఎటు చూసినా అపార్టుమెంట్లు లేస్తూనే ఉండే చందానగర్ చుట్టుపక్కల దుమ్ముకేం కొదవ? క్యాప్ విప్పి వెలుతురులో చూస్తే లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత కనబడొచ్చు. అది కరెంటు లీకై కాల్చిన జాడ. పొడిగా ఉన్నంతకాలం చాలావరకు ఊరుకుంటుంది, చెమ్మ తగిలిందా, ప్లగ్గుకు పోవాల్సిన స్పార్కును తానే మింగేస్తుంది. ఆ గీత గీసింది ఈ పూట పడ్డ వాన కాదు. ఎప్పటినుంచో ఉన్నదాన్ని వాన పట్టించిందంతే.

దాన్ని పట్టుకోవడానికి స్కానర్లు అక్కర్లేదు, ఆ కాలపు కారులో వాటిని తగిలించే చోటే లేదు. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే సీసా చాలు. చీకటి పడ్డాక, గాలి ఆడే చోట, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజిన్ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తాలి. ముందు కాయిల్ మీద, తర్వాత క్యాప్ మీద, ఆపైన ఒక్కో ప్లగ్గు వైరు మీద విడివిడిగా నీటి తుంపర కొట్టాలి. ఎక్కడ తడిపినప్పుడు ఇంజిన్ మిస్సింగ్ కొడుతుందో, చిటచిటమంటూ నీలిమెరుపు పాకుతుందో లోపం అక్కడే. వైర్లను ముట్టుకోకూడదు, చున్నీ, చొక్కా కొసలు ఫ్యానుకు అందకూడదు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష జోలికే పోకూడదు. దొరికిన భాగాన్ని మార్చాక మళ్లీ అదే తుంపర కొట్టి చూస్తే, రిపేరు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఇంకో వాన దాకా ఆగనక్కర్లేదు.

అసలు పెట్రోల్లోనే నీళ్లుంటే ఏంటి అని అడగొచ్చు. న్యాయమైన సందేహమే. 2025 నాటికి మన పెట్రోల్లో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుని కొంతవరకు తనలో కలిపేసుకుంటుంది, మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. మూత రబ్బరు అరిగిన పాత ట్యాంకుకు ఆ బెడద ఎక్కువ. అయితే ట్యాంకు అడుగున చేరిన నీళ్లు ఎండ కాయగానే మాయం కావు. వాన వెలిసిన మర్నాడు కూడా బండి దగ్గుతూనే ఉంటుంది. ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టి కదపకుండా ఉంచితే కింద వేరే పొర కనబడుతుంది. ఎండకు కోలుకునే బండిలో ముందు ఇగ్నిషన్‌ను అనుమానించాలి, ఎండ కాసినా కోలుకోనిదాంట్లో పెట్రోలును. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ అందుకునే బండికైతే వానతో పనే లేదు. అక్కడ వేడికి దెబ్బతింటున్న కాయిల్ లాంటివి చూడాలి.

ఇంత వెతుకులాట ఎందుకు, ప్లగ్గులూ వైర్లూ క్యాపూ ఒకేసారి మార్చేస్తే పోలేదా అన్నది ఇంకో వాదన. వైర్లు పదేళ్లనాటివై బిరుసెక్కి ఉంటే ఆ మాట సబబే. కానీ పరీక్షించకుండా సామాను మారిస్తే అసలు దోషి కాయిల్ అయినప్పుడు అంత ఖర్చూ వృథా. పొడిగుడ్డతో తుడిచి, చెమ్మను తరిమే స్ప్రే కొట్టి గడిపేయడమూ అంతే. ఆ పూటకు ఇల్లు చేరుస్తుంది, నల్లగీత మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ లెక్కలేవీ పనికిరాని సందర్భం ఒకటుంది. పెద్ద వానకు లింగంపల్లి రైల్వే అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచినప్పుడు, వాటిలోకి దిగి ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు. గాలి పీల్చే దారిగుండా నీళ్లు సిలిండర్‌లోకి చేరి ఉంటే, పిస్టన్ గాలిని నొక్కినట్టు వాటిని నొక్కలేదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. బండిని తోసి గట్టుకు చేర్చి, ప్లగ్గులు విప్పించి చూశాకే ఏదైనా. అందుకే ఎప్పుడు ఆగిందో దాంతోపాటు ఎంతసేపటికి కోలుకుందో, ఎంత లోతు నీళ్లలో నడిచిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈ మూడూ చెప్పగలిగితే ముందు ఏది విప్పాలో మెకానిక్‌కు తెలుస్తుంది, ఏది విప్పనక్కర్లేదో బండి యజమానికీ తెలుస్తుంది.