ఇంట వ్రాసిన సి.డి. పలుకకున్న నేమి చేయవలెను?

వ్రాతకు లిపి ఆధారము. పలుకునకు ధ్వని ఆధారము. లిపికెక్కిన కృతిని నూరేండ్ల తరువాతనైనను చదువవచ్చును గాని, దానిని పాడిన కంఠమును మరల వినుట సాధ్యము కాదు. ఇందులకు మన ప్రాంతమే తార్కాణము. కోవిల్‌పట్టికి చేరువనున్న ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అను మహాగ్రంథమును 1904లో తెలుగు లిపిలో ప్రకటించిరి. ముత్తుస్వామి దీక్షితుల కృతులు అందు స్వరసహితముగా నిలిచియున్నవి. ఆ ముత్తుస్వామి దీక్షితులు 1835లో ఎట్టయపురముననే పరమపదించిరి. ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టినది 1877లో. కావున వారి కృతులు మనకు దక్కినవి. వారి కంఠస్వరము దక్కలేదు.

మన ఇండ్లలోని తెలుగు స్థితి ఇంతకంటె సున్నితమైనది. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళము చదివినవారు అనేకులు గలరు. ఇడైసెవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ గారి మాతృభాష తెలుగు. తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలివచ్చి నల్లరేగడి నేలలో స్థిరపడిన కథను వారు 1976లో 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలగా వెలయించిరి. కథ తమిళమున నిలిచినది. కాని అవ్వలు పాడు జోలపాటల తెలుగు, పెండ్లిపందిటిలోని హాస్యపు పాటల తెలుగు ఎట్టి యాసతో, ఎట్టి విరుపుతో పలుకునో తెలియవలెనన్న ధ్వనిముద్రణము తప్ప వేరు మార్గము లేదు.

ఫిలిప్స్ సంస్థవారి క్యాసెట్టు 1963లో వెలువడినది. అది ఇంటింటికిని వచ్చిన కాలమున ఇట్టి పాటలను కొందరు ముద్రించి యుంచిరి. ఆ టేపులు నేడు సాగిపోవుచున్నవి, బూజు పట్టుచున్నవి. వానిని కంప్యూటరులోనికి ఎక్కించి, సి.డి.గా వ్రాసి బంధువులకు పంచుదమని పూనుకొనువారికి తరచుగా ఎదురగు ప్రశ్న ఒకటే: "వ్రాసితిమి, కాని పలుకదేమి?" దానికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సి.డి. స్వరూపము

సి.డి. 12 సెంటీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల బిళ్ల. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో దీని నియమములను నిర్ణయించినవి. 1982లో ఇది అంగడికి వచ్చినది. ధ్వనిని సెకనునకు 44,100 మార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి బిళ్లపై వ్రాయుదురు. ఎడమ వైపునకు, కుడి వైపునకు వేర్వేరు కొలతలుండును. ఒక్కొక్క కొలతకు రెండు బైట్ల చోటు కావలెను. గుణించి చూచిన సెకనునకు 1,76,400 బైట్లగును. ఈ అంకెను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ఖాళీ సి.డి.లో పారదర్శకమైన ప్లాస్టిక్ పలక, దానిపై పలుచని రంగుపూత, ఆపైన అద్దమువలె మెరయు లోహపుపూత, అన్నిటికిని పైన రక్షణగా వార్నిష్ పూత ఉండును. వ్రాయునపుడు బలమైన లేజరు కిరణము రంగుపూతను వేడిచేసి సూక్ష్మమైన మచ్చలు కల్పించును. అందుచేతనే ఈ పనిని బర్నింగ్, అనగా కాల్చుట, అందురు. మచ్చలు మురుకు చుట్టువలె నడిమినుండి అంచునకు సాగును. వినునపుడు బలహీనమైన లేజరు కిరణము ఆ మార్గముననే పోవుచు, ఎచ్చట వెలుగు మరలివచ్చినదో, ఎచ్చట తగ్గినదో కనిపెట్టును. మచ్చ సరిగా పడకున్నను, అద్దము చెడినను, కిరణము చూపు మసకబారినను పాట పలుకదు. ఇదియే సమస్తమునకు మూలము.

లోపములు, నివారణోపాయములు

వైద్యుడు నాడి చూడక మందీయడు. అట్లే లోపము ఎచ్చటనున్నదో తెలియక ఖాళీ బిళ్లలను ఒకదాని వెనుక ఒకటి పాడుచేయరాదు. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి ఫలితము చూడవలెను. రెండు మార్పులు కూడ చేసినచో ఏది పనిచేసినదో తెలియదు.

మొదటి చిక్కు: కంప్యూటరులో పాట వినబడును గాని, సాధారణ సి.డి. ప్లేయరులో వినబడదు. ఇందులకు ముఖ్యకారణము ఆడియో సి.డి.కి బదులు డేటా సి.డి. వ్రాయుట. ఎం.పి.3 ఫైలు కుదించి మూటగట్టిన ధ్వని. ఆ మూటను అట్లే బిళ్లపై పెట్టినచో పాత ప్లేయరులకు దానిని విప్పుట తెలియదు. వ్రాయు ప్రోగ్రాములో 'ఆడియో సి.డి.' అను ఎంపికను ఎంచుకొనినచో కంప్యూటరే మూట విప్పి, పైన చెప్పిన కొలతల రూపమునకు మార్చి వ్రాయును.

రెండవ చిక్కు దీనికి తోబుట్టువు. "నా పాటలన్నియు కలిపి 200 మెగాబైట్లే, బిళ్లపై 700 అని యున్నది, అయినను చోటు చాలదనుచున్నదేమి?" అని అడుగువారు గలరు. సెకనునకు 128 కిలోబిట్ల చొప్పున కుదించిన 200 మెగాబైట్ల ఎం.పి.3 పాటలు దాదాపు మూడున్నర గంటలు సాగును. మూట విప్పినపుడు ప్రతి సెకనును 1,76,400 బైట్లగును గదా! కావున ఆడియో సి.డి.కి మెగాబైట్ల లెక్క పనికిరాదు; నిమిషముల లెక్కయే ప్రమాణము. సాధారణముగా దొరకు బిళ్ల 80 నిమిషములు పట్టును. 60 నిమిషముల క్యాసెట్టు ఒక బిళ్లలో చక్కగా ఇమిడిపోవును. 90 నిమిషముల క్యాసెట్టు ఇమడదు. దాని రెండు వైపులను రెండు బిళ్లలపై వ్రాయవలెను.

మూడవ చిక్కు: పాట నడుమ గరగరలు, ఎగిరిపాటులు. ముందుగా కంప్యూటరులోని ఫైలును విని చూడవలెను. ఫైలులోనే గరగరలున్నచో బిళ్లది తప్పు కాదు. టేప్‌రికార్డరు తీగను కంప్యూటరు యొక్క మైకు రంధ్రమున గ్రుచ్చినను, ధ్వని మట్టము ఎర్రగీతను దాటినను స్వరము పగులును. లైన్-ఇన్ రంధ్రమునే వాడవలెను. పాటలోని మిక్కిలి బిగ్గరయైన చోటు కూడ ఎర్రగీతకు లోబడియుండునట్లు మట్టము తగ్గించుకొనవలెను. 2000లో వెలువడిన 'ఆడాసిటీ' అను ఉచిత ప్రోగ్రాము ఈ పనికి చాలును.

ఫైలు శుభ్రముగానుండి బిళ్ల మాత్రమే తడబడుచున్నచో వ్రాసిన వేగమును అనుమానింపవలెను. ఒకింతల వేగమున 80 నిమిషముల బిళ్లకు 80 నిమిషములు పట్టును. 16 రెట్ల వేగమున సుమారు 5 నిమిషములు. మిక్కిలి వేగమున వ్రాసిన మచ్చలు కొన్ని డ్రైవులలో స్పష్టముగా పడవు. అట్లని అన్నిటికంటె తక్కువ వేగమే మేలని తలపరాదు. అధిక వేగమునకై తయారైన రంగుపూతలు మందగతికి ఒదుగవు. 16 లేదా 24 రెట్ల మధ్యమ వేగము సాధారణముగా క్షేమము. అప్పటికిని లోపము తీరకున్నచో వేరొక కంపెనీ బిళ్లను వాడి చూడవలెను.

నాలుగవ చిక్కు: వ్రాయుచుండగా నడుమ ఆగిపోవుట. లేజరునకు అంకెలు ఎడతెగక అందవలెను. ఏతము త్రొక్కువాడు ఆగినచో కాలువ ఎండినట్లు, కంప్యూటరు వేరొక పనిలో పడి అంకెలు అందింపకున్నచో వ్రాత తెగిపోవును. 2000 ప్రాంతమున వచ్చిన డ్రైవులనుండి, వ్రాత ఆగినచోటనే మరల అందుకొను ఉపాయము ఏర్పడినది. పాత యంత్రములలో మాత్రము ఇతర ప్రోగ్రాములన్నియు మూసి, పాటలను పెన్‌డ్రైవునుండి గాక హార్డ్‌డిస్కులోనికి దింపుకొని వ్రాయవలెను. కరెంటు పోయినచో ఏ ఉపాయమును కాపాడదు. ఒకమారు మాత్రమే వ్రాయదగిన బిళ్ల సగములో ఆగినచో దానిపై ఆశ వదలుకొనవలసినదే. కావున యు.పి.ఎస్. లేనివారు కరెంటు నిలకడగానుండు వేళ చూచుకొనుట మంచిది.

ఐదవ చిక్కు: వ్రాత పూర్తియైనను ప్లేయరు బిళ్లను గుర్తింపదు. ప్రతి సి.డి.కి నడిమిభాగమున విషయసూచిక యుండును. ఏ పాట ఎచ్చట మొదలగునో ప్లేయరు దానిని చూచియే తెలిసికొనును. చివర 'ఫైనలైజ్' చేయనిదే ఆ సూచిక ఏర్పడదు. కంప్యూటరు అట్టి బిళ్లను చదివిన చదువవచ్చును గాని, సాధారణ ప్లేయరు చదువజాలదు. తుడిచి మరల వ్రాయదగిన సి.డి.-ఆర్.డబ్ల్యు. బిళ్లలు వెలుగును తక్కువగా మరలించును. పాత ప్లేయరులకు అవి కనబడవు. పంచిపెట్టుటకు సి.డి.-ఆర్. బిళ్లలే తగినవి.

ఆరవ చిక్కు: ఒకే సుదీర్ఘమైన పాటను భాగములుగా విడదీసి వ్రాసినపుడు భాగమునకు భాగమునకు నడుమ రెండు సెకనుల మౌనము వచ్చుట. 'డిస్క్-ఎట్-వన్స్' అను పద్ధతిలో, భాగముల నడుమ విరామము సున్న అని నిర్ణయించి వ్రాసిన ఈ లోపము పోవును.

వినుటకొకటి, దాచుటకొకటి

చాలమంది గమనింపని సంగతి ఒకటి గలదు. బిళ్లపై ప్రతి సెకనును 75 గదులుగా విభజింతురు. ఆడియో సి.డి.లో ఒక్కొక్క గదిలో 2,352 బైట్ల ధ్వని నింపుదురు. డేటా సి.డి.లో 2,048 బైట్లే నింపి, మిగిలిన చోటులో ఎక్కువభాగమును తప్పులు దిద్దుకొను గుర్తులకు కేటాయింతురు. గీత పడి కొంత చెరిగినపుడు, తాను దిద్దలేని చోట ఆడియో ప్లేయరు ఇరుప్రక్కల ధ్వనిని చూచి ఊహించి పలుకును. వినువారికది తెలియకయే పోవచ్చును. డేటా బిళ్ల మాత్రము ఊహింపదు. గుర్తుల సాయమున దిద్దుకొనును, లేదా చదువజాలనని చెప్పును. పాత ప్లేయరులో పలుకని డేటా సి.డి.యే దాచుటకు ఎక్కువ నమ్మదగినదని దీనివలన తేలుచున్నది. కావున బంధువులు వినుటకు ఆడియో సి.డి. వ్రాసినను, దాచుటకై అదే ధ్వనిని కుదింపని డబ్ల్యు.ఏ.వి. ఫైలుగా వేరొక డేటా సి.డి.పై వ్రాయవలెను. 60 నిమిషముల ధ్వనికి సుమారు 635 మెగాబైట్లు. ఒక బిళ్లకు సరిపోవును.

బిళ్లను అడుగుభాగమున గీతలు పడకుండ కాపాడుదురు గాని, పైభాగమును లెక్కచేయరు. వాస్తవమునకు అద్దపుపూత పైభాగమునకే దగ్గర. దానిపై బాల్‌పెన్నుతో ఒత్తి వ్రాసినచో అద్దమే చిట్లును. అట్టి గాయమునకు చికిత్స లేదు. మెత్తని మొన గల సి.డి. మార్కరుతో వ్రాయవలెను, కాగితములు అంటింపరాదు. ఎండ, వేడిమి రంగుపూతకు శత్రువులు. మన కరిసల్ సీమ వేసవిలో కారులోనో కిటికీ ప్రక్కనో బిళ్లను వదలరాదు; పెట్టెలో నిలువుగా నుంచి చల్లని చీకటి బీరువాలో దాచవలెను. నల్లరేగడి ధూళి డ్రైవులోని కటకముపై పేరుకొనుటయు పఠనలోపమునకు ఒక కారణము.

నేడు అనేక ల్యాప్‌టాపులు సి.డి. డ్రైవు లేకయే వచ్చుచున్నవి, యు.ఎస్.బి. తీగతో తగిలించు బయటి డ్రైవుతో పని జరుగును. అయినను సి.డి. ఒక్కదానినే నమ్మియుండరాదు. అదే ఫైలు హార్డ్‌డిస్కులో ఒకటి, దూరమున నున్న బంధువుల ఇంట మరియొకటి ఉండవలెను. కోవిల్‌పట్టిలోని ప్రతి చెడినను విరుదునగర్‌లోని ప్రతి నిలుచును.

విద్యార్థులారా! వ్రాసిన ప్రతి బిళ్లను మొదటినుండి తుదివరకు, వ్రాసిన యంత్రమున గాక వేరొక యంత్రమున వినిన పిదపనే పని ముగిసినదని తలపవలెను. అంతవరకు మూలమైన క్యాసెట్టును పారవేయరాదు. ఆ పిదపను పారవేయకుండుటయే ఉత్తమము. బిళ్లపై పాడినవారి పేరు, ఊరు, పాడిన సంవత్సరము, పాట ఏ సందర్భమునకు చెందినదియు వ్రాసియుంచవలెను. ఖాళీ బిళ్ల పాడైనచో మరియొకటి కొనవచ్చును. పాడిన అవ్వ గతించిన పిదప ఆ పాటను మరల పాడించుకొనలేము.