మట్టిలోని మృత్యువును విన్న చెవి

రాయలసీమ రైతునకు పాతర యన్న మాట క్రొత్తది కాదు. నేలలో గోయి త్రవ్వి, గడ్డి పఱచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి, కఱవునాటికి దాచుకొనుట మన తాతల యలవాటు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి పల్లెలలో పాతర నిండిన యిల్లే కలిగిన యిల్లు. ప్రాణము నిలుపు నా మాటకే కాలవశమున మందు తోడై మందుపాతర యయ్యెను. ధాన్యమును దాచిన మనుష్యుడే నేలలో మృత్యువును దాచ నేర్చెను. ఆ మృత్యువు దాగిన చోటును చెవికి వినిపించు యంత్రమును నిర్మించిన యొక ఇంజనీరును గూర్చి నేడు నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

ఆ యంత్రమును మనవారు మెటల్ డిటెక్టరు అను పేరుతో నెఱుగుదురు. పులివెందులలో ఎన్నికల సభలకు పోవువారు పోలీసులు నిలిపిన ద్వారబంధము గుండ నడచి పోవుచున్నారు. గడచిన శతాబ్దపు కడపటి దశకములలో ముఠాకక్షలును, నాటుబాంబులును ఈ సీమకు తెచ్చిన యపకీర్తి ఆ ద్వారబంధమును చూచినప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చును. జమ్మలమడుగు చెంతనున్న గండికోటలోను, చుట్టుపట్ల పాడుపడిన గుళ్లలోను లంకెబిందెల కొఱకు త్రవ్విన గోతులను చూచినవారు పెక్కురు కలరు. ఒకప్పుడు అంజనము వేయించి నిక్షేపములు వెదకిన యాశాపరులకు నేడు ఈ యంత్రము క్రొత్త అంజనమైనది. ఒకచోట భయమునకు, ఒకచోట లోభమునకు తోడ్పడుచున్న యీ సాధనము ఎవరిచే, ఏల నిర్మింపబడెనో యడుగువారు మాత్రము అరుదు.

లోహమును విద్యుత్తుచే వెదకు యత్నము ప్రాతదియే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిదెబ్బ తిన్నప్పుడు, టెలిఫోను నిర్మించిన గ్రాహంబెల్ ఆయన శరీరమున చిక్కిన గుండును ఇట్టి సాధనముతో వెదకెను గాని కృతకృత్యుడు కాలేదు. 1937లో గెర్‌హార్డు ఫిషర్ అను జర్మను ఇంజనీరు అమెరికాలో పేటెంటు పొంది లోహాన్వేషణమును వర్తకముగ వృద్ధి చేసెను. కాని యుద్ధభూమిలో ఒక్క సిపాయి చేతబట్టి మందుపాతరల నడుమ నడువదగిన రూపమును దానికిచ్చిన వాడు పోలండు దేశీయుడగు యూజెఫ్ కొసాట్స్కీ.

పోలండు కథ మనకు పరాయిది కాదు. 1795 మొదలు 1918 వఱకు ఆ దేశము మూడు సామ్రాజ్యముల పాలై, భూపటమున పేరు సైతము లేక యుండెను. ఆ పరతంత్ర దినములలో, 1909లో, కొసాట్స్కీ జన్మించెను. వార్సా పాలిటెక్నికులో ఇంజనీరింగు చదివెను. 1939లో జర్మనులు దండెత్తగా రాజధాని రక్షణమున పాల్గొనెను. దేశము పడిపోయిన పిమ్మట ఫ్రాన్సు మీదుగ బ్రిటను చేరి, స్కాట్లండున నిలిచిన పోలిష్ సైన్యమున లెఫ్టినెంటుగ నుండి 1941లో ఈ యంత్రమును సిద్ధము చేసెను.

దాని మర్మము సులభముగ బోధపడును. పొడవైన కఱ్ఱ చివర రెండు తీగచుట్టలు కలవు. ఒకదానిలో అటునిటు మాఱుచుండు విద్యుత్తు ప్రవహించును. రెండవదానికి శ్రవణయంత్రము తగిలింపబడి యుండును. ఈ రెంటిని సమతూకముగ నమర్చినచో చెవికి శబ్దము వినరాదు. నేలలో లోహమున్నయెడల ఆ లోహమున చిన్న విద్యుత్సుడులు పుట్టి సమతూకమును చెఱచును. వెంటనే చెవిలో మ్రోత వినవచ్చును. యంత్రము బరువు 30 పౌనులకు లోపే. అయితే అది మేకునకు, మందుపాతరకు భేదము చెప్పజాలదు. మ్రోత వినిన పిదప మన్ను తొలగించి చూడవలసినది మనుష్యుడే.

అట్టి యంత్రము లేనినాడు ఈ పని యెంత ఘోరమో ఎఱుగుటకు మన దేశీయుని యుదాహరణమే చాలును. 1941లో ఇథియోపియా సరిహద్దున సెకండు లెఫ్టినెంటు ప్రేమీంద్రసింగ్ భగత్ నాలుగు దినములలో 55 మైళ్ల మేర 15 మందుపాతర క్షేత్రములను కనిపెట్టి తొలగింపించెను. రెండు మారులు ఆయన వాహనము ధ్వంసమై తోడివారు హతులో క్షతగాత్రులో అయిరి. ఆయన కర్ణభేరి పగిలెను. అందులకు విక్టోరియా క్రాసు లభించెను. మఱుసటి సంవత్సరము అక్టోబరున, ఈజిప్టులోని ఎల్ అలమీన్ వద్ద, అయిదువందల కొసాట్స్కీ యంత్రములు ఎనిమిదవ సైన్యము చేతికి వచ్చెను. భారతీయ నాలుగవ డివిజను ఆ సైన్యములోనిదే. అంతకుముందు మందుపాతరల నడుమ గంటకు 100 మీటర్లు మాత్రమే సాగిన నడక, ఈ యంత్రము వచ్చిన పిమ్మట 200 మీటర్లయ్యెనని యుద్ధచరిత్రకారులు వ్రాసిరి.

ఇక, మేము ముఖ్యముగ చెప్పదలచిన విషయము వేఱు. కొసాట్స్కీ తన కల్పనకు పేటెంటు తీసికొనలేదు. బ్రిటిషు సైన్యమునకు ఉచితముగ నొసగెను. ఆయనకు ముట్టిన ప్రతిఫలము ఆఱవ జార్జి రాజు వ్రాసిన యొక కృతజ్ఞతాపత్రము. కుటుంబము శత్రువుల యేలుబడిలో చిక్కియుండుటచే యుద్ధకాలమున ఆయన పేరును రహస్యముగ నుంచవలసివచ్చెను. ధనము లేదు, కీర్తి లేదు. ఎన్నడు చూడని సిపాయిల కాళ్లు మాత్రము నిలిచెను. యుద్ధానంతరము స్వదేశమునకు మరలి పరిశోధనలోను బోధనలోను కాలము గడపి 1990లో వార్సాలో కన్నుమూసెను.

ఇట్టివాడు ప్రాణరక్షణకై ఉచితముగ నిచ్చిన విద్య మన సీమలో దేవాలయముల పునాదులను పెకలించుట కుపయోగపడుట మనకు సిగ్గుచేటు. భూస్వాములగు మా పాఠకులకు ఒక మనవి. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినయెడల కలెక్టరునకు తెలుపుట విధి. రక్షిత కట్టడములలో అనుమతి లేక పాఱ వేయుటయే నేరము. మీ పొలములో, మీ యూరి గుడిలో రాత్రివేళ యంత్రముతో తిరుగువారిని చూచియు మిన్నకుండుట పెద్దఱికము కాదు.

మఱియు, మన నిజమైన నిక్షేపమును ఈ యంత్రము చూపజాలదు. ఎఱ్ఱగుంట్ల చెంతనున్న కలమళ్లలో, చెన్నకేశవాలయమున, రేనాటి చోళుల కాలపు శిలాశాసనము కలదు. క్రీస్తుశకము 575 ప్రాంతముదగు ఆ శాసనము తెలుగు భాషలో మనకు లభించిన వానిలో మొదటిదని పండితులు చెప్పుదురు. ఆ రాతిలో లోహము లేదు. దాని మీద ఏ యంత్రమును మ్రోగదు. నిధి పేర గుళ్లు త్రవ్వువాడు పనికిరాదని పాఱవేయు రాయి అట్టిదే కావచ్చును. ప్రొద్దుటూరి కంసాలి గీటురాయి మీద గీచి పసిడి వన్నె చెప్పగలడు. విఱిగిన శాసనమునకు మాత్రము వెల కట్టగలవాడు ప్రొద్దుటూరిలోనే కాదు, ఎచటను లేడు. మన మూడు పట్టణముల పెద్దలు ముందుగ తమ యూళ్లలోని అట్టి రాళ్లెన్ని యున్నవో లెక్క వ్రాయింతురు గాక.