చెవికి ఏది మేలు: వైరున్నదా, లేనిదా?

సోలాపూర్‌లో మా ఇంటి కింద సాంచెలు నడుస్తాయి, పైన మేముంటాం. ఇన్నేళ్లలో ఆ చప్పుడు మాకు చప్పుడులా అనిపించనే లేదు. పండక్కి కార్ఖానా బందైతేనే నిద్ర పట్టదు. మా బిడ్డ ఇంటర్వ్యూ రోజే మొదటిసారి అది నాకు గట్టిగా వినిపించింది.

ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో కస్టమర్లతో మాట్లాడే కొలువు అది. బిడ్డ కొత్తగా కొన్న వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంది. "ఇందులో నాయిజ్ క్యాన్సిలేషన్ ఉంది బాపూ, ఫికర్ చెయ్యకు" అంది. ఆమెకు చప్పుడు వినబడలేదు, నిజమే. అవతలి మేడమ్ మాత్రం "మీరు ఫ్యాక్టరీలో కూర్చున్నారా?" అని అడిగింది. వారం తర్వాత ఇంకోసారి చూస్తామన్నారు.

ఆ వారంలో రిపేరు దుకాణాల చుట్టూ తిరిగి నేను తెలుసుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

డబ్బా మీద నాయిజ్ క్యాన్సిలేషన్ అని ఉంటే, అది చాలాసార్లు మన చెవిలోకి వచ్చే చప్పుడును తగ్గించేదే. మన మాటతో పాటు అవతలికి పోయే చప్పుడును ఆపాల్సింది మైక్. మైక్ నోటికి ఎంత దగ్గరుంటే మాట అంత స్పష్టం. ఇయర్‌బడ్‌లో మైక్ చెవి దగ్గరే ఉంటుంది. హెడ్‌సెట్‌కైతే చిన్న కాడ నోటి దాకా వస్తుంది.

రెండోది, బ్లూటూత్ సంగతి. పాట వింటే బాగానే ఉంటుంది. మైక్ కూడా నడవాల్సి వస్తే చాలా కంప్యూటర్లలో అది ఫోను మాట్లాడే పద్ధతికి మారి, ధ్వని నాణ్యత పడిపోతుంది. పైగా మామూలు వైఫై, బ్లూటూత్ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దారినే వాడతాయి. రద్దీ ఎక్కువైతే మాట తెగుతుంది. ఇక చార్జింగ్ మరచిపోతే షిఫ్టు మధ్యలోనే మూగబోతుంది.

వైరున్న దానికి ఈ బాధ లేదు. కానీ కొనేముందు పిన్ను చూడండి. పాత డెస్క్‌టాప్‌కు రెండు రంధ్రాలుంటాయి: గులాబీ రంగుది మైక్‌కు, పచ్చది వినడానికి. కొత్త ల్యాప్‌టాప్‌కు చాలావరకు ఒకటే. ఒక్క పిన్ను హెడ్‌సెట్ అయితే పిన్ను మీద మూడు గీతలు ఉండాలి. రెండే ఉంటే మైక్ పనిచేయదు. ఈ గొడవెందుకనుకుంటే యూఎస్‌బీది తీసుకోండి, రెండింటికీ సరిపోతుంది. మేం అదే తెచ్చాం.

వైర్‌లెస్ పనికిరాదని కాదు. వంట చేస్తూ పాటలు వినడానికి, నడుస్తూ మాట్లాడటానికి అదే సుఖం. కంప్యూటర్‌కు చిన్న యూఎస్‌బీ ముక్క పెట్టి వాడే వైర్‌లెస్ హెడ్‌సెట్లు మాటలకు ఇంకా నయం, కాకపోతే ఖర్చెక్కువ.

అసలు మాట ఇప్పుడు చెప్తా. సాంచెల చప్పుడును దాటి వినాలని పిల్లలు వాల్యూమ్ పెంచుతారు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. శబ్దం పెరిగినకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. చప్పుడు వల్ల వచ్చే చెవుడు 1948 ఫ్యాక్టరీల చట్టంలో వృత్తి రోగాల జాబితాలో ఉండేది. ఆ సంగతి నాకు కుడిచెవి మందగించాకే తెలిసింది. పోయిన వినికిడి మళ్లీ రాదు. అందుకే చెవిని మొత్తం కప్పే మెత్తలున్నవే కొనండి. బయటి చప్పుడు తగ్గితే వాల్యూమ్ పెంచే పని ఉండదు.

రెండో ఇంటర్వ్యూలో బిడ్డకు కొలువొచ్చింది. నిన్న షిఫ్టులో ఆమె చెయ్యి వాల్యూమ్ మీదికి పోవడం చూసి, లేచి కిటికీ మూశాను. "ఏమైంది బాపూ?" అన్నట్టు చూసింది. ఏం లేదని చెయ్యి ఊపాను. కింద సాంచెలు నడుస్తూనే ఉన్నాయి.