ఊరి పేరు మోసిన నోటు

నోటన్నంతనే మన కన్నులకు రాజ్యముద్ర తోచును గాని, ఒక చిన్న ఊరి పేరు తోచదు. అమెరికాలో ఒకప్పుడు అట్లు కాదు. 1863 మొదలు 1935 వరకు అచట పన్నెండువేలకు పైగా నేషనల్ బ్యాంకులు తమ పేరును, తమ ఊరి పేరును ధరించిన నోట్లను వెలువరించినవి. తొలినాళ్లలో అచ్చయిన కాగితములు కత్తిరింపని తావులుగా బ్యాంకునకు చేరెడివి. అధ్యక్షుడును, క్యాషియరును సిరాతో చేవ్రాలు చేసిన పిదపనే అవి సొమ్మయ్యెడివి.

అంతకు పూర్వము రాష్ట్రముల అనుమతితో వెలసిన బ్యాంకులు వేరువేరుగా నోట్లు అచ్చొత్తించెడివి. బ్యాంకు మునిగినచో నోటు పట్టుకొన్నవాడును మునిగెడివాడు. మంచి నోటేదో దొంగ నోటేదో తెలియుటకై వర్తకులు ప్రత్యేక పత్రికలను దగ్గర నుంచుకొనవలసి వచ్చినది. అంతర్యుద్ధకాలమున, 1863లో, పుట్టిన చట్టము ఈ దుస్థితిని మార్చినది. కొత్త బ్యాంకు ముందుగా కేంద్రప్రభుత్వ బాండ్లను కొని కోశాగారమున ఉంచవలెను. వాని విలువలో మొదట నూటికి తొంబది వంతుల వరకును, 1900 నుండి పూర్తిగను నోట్లు లభించెను. బ్యాంకు దివాలా తీసినను నోటునకు ప్రభుత్వమే పూచీ. 1866 నుండి రాష్ట్రబ్యాంకుల నోట్లపై నూటికి పదివంతుల పన్ను పడగా అవి కనుమరుగైనవి.

సేకరించువారికి ఇచట ఒక వింత ఎదురగును. దివాలా తీసిన పాతబ్యాంకుల నోట్లను తీసికొనువారు లేకపోవుటచే అవి పెట్టెలలో నిలిచిపోయినవి. వానిలో పెక్కు నేటికిని సులభముగ దొరకును. నేషనల్ బ్యాంకుల నోట్లకు మాత్రము సొమ్ము చెల్లినది. చెల్లిన నోటు కోశాగారము చేరి నాశనమైనది. మాట నిలుపుకొన్నందుననే అవి అరుదైనవి.

కావుననే నోటు విలువను నిర్ణయించునది దానిపై నున్న అంకె కాదు, ఊరు. ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంకునకు చార్టరు సంఖ్య 1. అట్టి సంఖ్యను బట్టి పాత ప్రభుత్వ నివేదికలు తిరుగవేసినచో, ఏ బ్యాంకు నోట్లు ఎంత మొత్తము తిరిగి రాలేదో తెలియును. కొన్ని బ్యాంకుల నోటు ఒక్కటియు నేటివరకు కనబడలేదు. మారుమూల పల్లెనుండి వచ్చిన నలిగిన నోటు, మహానగరపు మెరుగు నోటును మించిన ధర పలుకుట కలదు. దానిని కడిగి ఇస్త్రీ చేయువాడు అందము చేకూర్చుచున్నానని తలచును. నిజమునకు విలువను పోగొట్టుకొనును. ఆ మడతలే ఆ నోటు చేతులు మారిన జాడలు.

ఆ బ్యాంకులలో పెక్కు నేడు లేవు. చేవ్రాలు చేసినవారును లేరు. అయినను అమెరికా చట్టము ననుసరించి ఆ నోటు ముఖవిలువకు నేటికిని చెల్లును. ఊరివారు వ్రాసి యిచ్చిన మాటకు దేశము నిలిచిన పూచీ అది.