తాళంచెవిని జ్ఞాపకం పెట్టుకునే కారు

కెనడాలోని హామిల్టన్ నగరంలో ఉన్న స్టూడిబేకర్ కార్ల కర్మాగారం 1966 మార్చిలో తన చివరి కారును తయారుచేసి మూతపడింది. ఆ కాలపు కారు తాళంచెవి పళ్ళు కోసిన లోహపు పలక మాత్రమే కాబట్టి, ఆ పళ్ళ లోతులను మరో పలక మీద యథాతథంగా కోయగలిగిన ఏ దుకాణంలోనైనా దానికి జోడీ తయారయ్యేది. ఇప్పుడు అదే నగరంలో ఒక్క తాళంచెవితో సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు రెండోది చేయించబోతే, పళ్ళు కోయడం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, కొత్త తాళంచెవి తలుపును తెరుస్తుంది, స్టీరింగు పక్కనున్న తాళంలో అడ్డు లేకుండా తిరుగుతుంది, కాని ఇంజిన్ నడవదు. కొన్ని కార్లలో ఒక్క క్షణం అంటుకుని వెంటనే ఆగిపోతుంది. మిగిలిపోయిన ఆ పనినే తాళాల పనివారు ప్రోగ్రామింగ్ అంటారు. తాళంచెవిలోకి ఏదో ఎక్కించడమే ఈ పని అని చాలామంది భావిస్తారు గాని, ప్రధాన మార్పు జరిగేది కారు జ్ఞాపకంలో. తాళంచెవి తన సంఖ్యతోనే వస్తుంది, ఆ సంఖ్యను తనదిగా అంగీకరించడం నేర్చుకునేది కారు.

ఒకే ప్లాస్టిక్ డొల్లలో ఉన్నా, తాళంచెవిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరికరాలు ఉంటాయని గ్రహిస్తే తక్కిన విషయమంతా సులభమవుతుంది. మొదటిది తలుపులు తెరిచే రిమోట్. ఇది 3 వోల్టుల బిళ్ళ సెల్లుతో నడుస్తూ, ఉత్తర అమెరికాలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్, ఐరోపాలోనూ భారతదేశంలోనూ 433.92 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద రేడియో సంకేతాన్ని పంపుతుంది. రెండోది ట్రాన్స్‌పాండర్, అంటే పలకరిస్తే బదులు చెప్పే చిప్. దీనికి సెల్లు లేదు, దీని మాట కొద్ది సెంటీమీటర్ల దూరమే వినిపిస్తుంది, ఇంజిన్ నడవడానికి అనుమతి దీని నుంచే వస్తుంది. తాళంలో పెట్టి తిప్పే రకం కార్లలో, జనవరి చలికి రిమోట్ సెల్లు నీరసించి తలుపు తెరుచుకోకపోయినా, లోపలికి వెళ్ళి తాళంచెవి తిప్పితే ఇంజిన్ మామూలుగానే నడవడానికి కారణం ఈ విభజనే. కొత్త తాళంచెవికి కూడా రెండు వేర్వేరు పరిచయాలు చేయవలసి ఉంటుంది, ఒకటి ముగిసి రెండోది మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది.

ఇంజిన్‌ను కట్టిపడేసే ఈ ఏర్పాటుకు ఇమ్మొబిలైజర్ అని పేరు. జనరల్ మోటార్స్ సంస్థ 1986 కార్వెట్ కారు తాళంచెవిలో ఒక చిన్న రెసిస్టరును, అంటే విద్యుత్ ప్రవాహాన్ని నిర్ణీత మోతాదులో అడ్డుకునే ముక్కను, పొదిగింది. కారు ఆ నిరోధాన్ని కొలిచి, సరిపోతేనే ఇంజిన్‌ను అనుమతించేది. ఆలోచన మంచిదే గాని, వాడిన విలువలు 15 మాత్రమే కావడంతో, 15 తాళంచెవుల గుత్తి చేతిలో ఉన్నవాడికి ఓపిక ఒక్కటే అవసరమైంది. 1990లలో ఐరోపాలో కార్ల దొంగతనాలు పెరిగి, బీమా సంస్థలు ఒత్తిడి తెచ్చినప్పుడు ట్రాన్స్‌పాండర్ రంగంలోకి వచ్చింది.

సెల్లు లేని చిప్ ఎలా మాట్లాడుతుందన్న ప్రశ్నకు సమాధానం 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణలో ఉంది: మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టను ఉంచితే, ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. తాళం చుట్టూ కంటికి కనిపించకుండా ఒక తీగచుట్ట ఉంటుంది. తాళంచెవి తిప్పగానే కారు అందులోకి సెకనుకు సుమారు 1,25,000 సార్లు అటూ ఇటూ ఊగే విద్యుత్తును పంపుతుంది. తాళంచెవి తలలోని చిన్న చుట్ట అదే లయకు శ్రుతి చేసి ఉండటం వల్ల ఆ శక్తిని పీల్చుకుంటుంది, చిప్ మేలుకుంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన రకంలో ఈ వ్యవహారం మరీ ముచ్చటగా ఉంటుంది: కారు 134.2 కిలోహెర్ట్జ్ వద్ద సుమారు 50 మిల్లీసెకన్లు శక్తిని పంపి ఆపేస్తుంది, అంతలో నిండిన సూక్ష్మ కెపాసిటరు మీద ఆధారపడి చిప్ ఆ నిశ్శబ్దంలో తన జవాబు చెప్పి మళ్ళీ నిద్రపోతుంది.

తొలినాటి చిప్‌లు ప్రతిసారీ ఒకే సంఖ్యను చెప్పేవి, ఒకసారి విన్నవాడు ఆ సంఖ్యను మరో చిప్‌లో రాసుకుంటే సరిపోయేది. దీనికి విరుగుడుగా వచ్చిందే ప్రశ్నోత్తర పద్ధతి. కారు ప్రతిసారీ కొత్తగా ఒక సంఖ్యను పుట్టించి తాళంచెవికి పంపుతుంది. తాళంచెవి తన దగ్గరున్న రహస్య సంఖ్యతో దానిని కలిపి లెక్కకట్టి ఫలితాన్ని తిరిగి పంపుతుంది. అదే రహస్యం తెలిసిన కారు తానూ లెక్కకట్టుకుని, రెండూ సమానమైతే ఇంజిన్ కంప్యూటరుకు అనుమతి ఇస్తుంది. రహస్యం మాత్రం ఒక్కసారి కూడా గాలిలోకి రాదు, పొంచి విన్నవాడికి దొరికేది మళ్ళీ ఎన్నడూ అడగబోని ఒక ప్రశ్నకు జవాబు మాత్రమే.

రిమోట్‌కు ఈ సౌకర్యం లేదు. చౌకగా, చిన్నదిగా, ఒకే సెల్లు మీద ఏళ్ళ తరబడి నడవడానికి రూపొందిన ఆ పరికరం మాట్లాడగలదే తప్ప వినలేదు. అది వినలేదు కనుక కారు దానిని ప్రశ్నించలేదు. ప్రశ్న లేకుండానే ప్రతిసారీ కొత్త జవాబు చెప్పాలి, పాత జవాబు మళ్ళీ వినిపిస్తే కారు తిరస్కరించాలి, ఇద్దరి మధ్య మాటలు లేకపోయినా ఏది కొత్తదో ఏది పాతదో ఇద్దరికీ తెలియాలి. ఈ చిక్కుముడిని విప్పిన రోలింగ్ కోడ్, అంటే నొక్కిన ప్రతిసారీ మారే సంకేతం, ఈ కథ మొత్తంలో అత్యంత అందమైన భాగమని చెప్పాలి. దాని ప్రసిద్ధ రూపమైన కీలాక్, 1980ల మధ్యకాలంలో దక్షిణాఫ్రికాలో గిడియన్ కూన్ రూపొందించిన గుప్తలేఖన పద్ధతి మీద ఆధారపడింది. 1995లో అమెరికాకు చెందిన మైక్రోచిప్ టెక్నాలజీ దానిని కొనుగోలు చేసింది.

ఈ పద్ధతిలో రిమోట్ లోపల ఒక లెక్క నడుస్తూ ఉంటుంది, మీట నొక్కినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కను అలాగే పంపితే తరువాతిది ఎవరైనా ఊహించగలరు కాబట్టి, 64 బిట్ల రహస్య సంఖ్య సాయంతో దానిని 528 దశల్లో కలగాపులగం చేసి 32 బిట్ల సంకేతంగా మార్చి పంపుతుంది. బిట్ అంటే సున్నా గాని ఒకటి గాని అయిన అతిచిన్న సమాచార భాగం. లోపలి లెక్క 1000 నుంచి 1001కి మారినంత మాత్రాన బయటి సంకేతంలో సగటున సగం బిట్లు తారుమారవుతాయి గనుక, వరుస సంకేతాలు రెండు విన్నవాడికి వాటి మధ్య ఏ పోలికా కనిపించదు. కారు మాత్రం ఆ సంకేతాన్ని విప్పి, లోపలి లెక్కను తాను చివరిసారి రాసుకున్న లెక్కతో పోల్చుకుంటుంది. బ్యాంకు చెక్కు పుస్తకంలో నడుమ కొన్ని ఆకులు చిరిగిపోయినా తరువాతి నంబరు చెక్కు చెల్లుతుంది, ఒకసారి సొమ్ము తీసుకున్న నంబరు మాత్రం మళ్ళీ చెల్లదు. కారు కూడా ఇదే నియమాన్ని పాటిస్తుంది.

పిల్లలు రిమోట్‌ను ఆటవస్తువుగా తీసుకుని కారుకు దూరంగా పదిసార్లు నొక్కితే రిమోట్ లెక్క పది ముందుకు పోతుంది, కారుకు ఆ సంగతి తెలియదు. మైక్రోచిప్ సూచించిన ఏర్పాటులో, తన లెక్క కన్నా 16 వరకు ముందున్న సంకేతాన్ని కారు వెంటనే అంగీకరిస్తుంది. అంతకన్నా ముందుకు, సుమారు 32,000 వరకు పోయినదైతే, వెనువెంటనే మరోసారి నొక్కమన్నట్టు ఊరుకుంటుంది. వచ్చిన రెండో సంకేతం మొదటిదాని కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువైతే తన లెక్కను సర్దుకుని తలుపు తెరుస్తుంది. వెనకబడిన లెక్క ఏదైనా, నిన్న ఎవరో గాలిలోంచి పట్టుకుని ఇవాళ వినిపించిన సంకేతంతో సహా, తిరస్కారానికే గురవుతుంది. ఒక్క మాటైనా వెనక్కి వినిపించుకోలేని పరికరంతో ఇంత నమ్మకమైన సంబంధాన్ని కేవలం కూడికతో నిలబెట్టడం ఇంజినీరింగ్‌లో అరుదైన పొదుపు.

కారుకు కొత్త రిమోట్‌ను పరిచయం చేయడమంటే దాని క్రమసంఖ్యను, రహస్యాన్ని, ప్రస్తుత లెక్కను కారు జ్ఞాపకంలో రాయించడమే. కారుకు మీటల పలక లేదు, అందుకని పాత రకాల్లో తలుపు స్విచ్చు, ఇంజిన్ తాళం, ఇవే మీటలయ్యాయి. కొన్ని హోండా కార్లలో నిర్ణీత క్షణాల వ్యవధిలో తాళంచెవిని తిప్పి, రిమోట్ నొక్కి, మళ్ళీ ఆపి, ఇలా వరుసగా చేస్తూ పోతే చివర తలుపుల గడియలు టక్కున పడి లేస్తాయి, కారు నేర్చుకోవడానికి సిద్ధమైందని దాని అర్థం. ఆ స్థితిలోకి వెళ్ళగానే అది పాత రిమోట్లన్నిటినీ మరచిపోతుంది గనుక, ఇంట్లో ఉన్న రిమోట్లన్నిటినీ అప్పుడే మళ్ళీ పరిచయం చేయాలి. మైక్రోచిప్ పద్ధతిలో పరిచయ సమయంలో మీటను రెండుసార్లు నొక్కించడానికీ కారణముంది: తయారీదారు మూల రహస్యాన్నీ రిమోట్ క్రమసంఖ్యనూ కలిపి కారు ఆ రిమోట్ రహస్యాన్ని తానే లెక్కించుకుంటుంది, దానితో విప్పిన రెండు లెక్కలు వరుస సంఖ్యలైతేనే తన ఊహ సరైనదని నిర్ధారించుకుంటుంది.

చిప్‌కు ఇంత తేలికైన దారి ఉండదు. స్టీరింగు కింద 16 పిన్నుల పరీక్షా సాకెట్టు ఉంటుంది, తాళాల పనివారు తమ పరికరాన్ని దానికి తగిలించి కారు కంప్యూటరుతో మాట్లాడతారు. కంప్యూటరు మొదట ఒక సంఖ్యను ఇచ్చి దానికి సరైన ప్రతిసంఖ్యను అడుగుతుంది, కొన్ని కార్లలో రహస్య పిన్ నంబరు కావాలి. దొంగకు లేనిది సమయమే గనుక, కొందరు తయారీదారులు నిరీక్షణనే తాళంగా మార్చారు: అనేక ఫోర్డ్ కార్లలో పది నిమిషాలు గడిస్తేనే తాళంచెవుల జాబితా తెరుచుకుంటుంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని నిబంధన కూడా ఇదే తర్కాన్ని అనుసరించి, కనీసం 50,000 సంకేత భేదాలు ఉండాలనీ, సంకేతం మారకుండా ఉండే రకమైతే రోజుకు 5,000 కన్నా ఎక్కువ పరీక్షించడం సాధ్యం కాకూడదనీ నిర్దేశించింది. కొన్ని రకాల చిప్‌లలో పరిచయం ముగిశాక కారు తన రహస్యాన్ని తాళంచెవిలో కూడా రాసి ఆ భాగాన్ని శాశ్వతంగా మూసివేస్తుంది. మరో కారుకు వాడిన తాళంచెవిని చవకగా కొన్నవారికి అది పనిచేయకపోవడానికి కారణం ఇదే.

కెనడాలో 2007 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు, తేలికపాటి ట్రక్కులకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. హామిల్టన్ నుంచి నయాగరా నది దాటితే వచ్చే బఫెలో నగరంలో, అంటే అమెరికాలో, అలాంటి చట్టం లేదు. 2015 మోడళ్ళను చూస్తే, అమెరికాలో హ్యుందాయ్, కియా రకాల్లో 26 శాతానికే ఇమ్మొబిలైజర్ ప్రామాణికంగా వచ్చేది, ఇతర సంస్థల రకాల్లో 96 శాతానికి వచ్చేది. 2021 తర్వాత అమెరికాలో ఆ రెండు బ్రాండ్ల కార్లు యు.ఎస్.బి. తీగ కొసతో తాళాన్ని తిప్పి ఎత్తుకుపోవడం అంటువ్యాధిలా వ్యాపించినప్పుడు, అవే బ్రాండ్ల కెనడా కార్లు చట్టం పుణ్యమా అని ఆ బెడద నుంచి తప్పించుకున్నాయి. ఈ కట్టుదిట్టానికి వెల కూడా ఉంది: జనరల్ మోటార్స్ కొన్ని మోడళ్ళ పుస్తకాలలో, పనిచేసే తాళంచెవి లేకుండా సుమారు అరగంట నిరీక్షణతో కొత్తదాన్ని సొంతంగా పరిచయం చేసుకునే వీలు అమెరికా యజమానులకే ఇచ్చి, కెనడా యజమానులను డీలరు దగ్గరికి వెళ్ళమంది.

ఆ తరువాతి చరిత్రను త్వరగా చెప్పుకోవచ్చు. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్.ఎస్.ఏ. ప్రయోగశాలల పరిశోధకులు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లోని 40 బిట్ల రహస్యాన్ని, అంటే సుమారు 1.1 లక్షల కోట్ల అవకాశాలను, ప్రత్యేక యంత్రంతో గంటలోపే వెతికిపట్టారు. 2008లో జర్మనీలోని బోహుం పరిశోధకులు కీలాక్ చిప్ లెక్కకట్టేటప్పుడు తీసుకునే విద్యుత్తులోని హెచ్చుతగ్గులను కొలిచి తయారీదారు మూల రహస్యాన్నే బయటికి లాగారు. ఆ ఒక్కటి తెలిస్తే గాలిలో రెండు సంకేతాలు వినడంతో రిమోట్‌కు నకలు తయారవుతుంది. గణితాన్ని ఛేదించడం మానేసి, ఇంట్లోని తాళంచెవి సంకేతాన్ని రిలే చేసి కారుకు వినిపించే దాడిని 2011లో జ్యూరిచ్ పరిశోధకులు పది రకాల కార్ల మీద నిరూపించారు. తాళంచెవి జేబులోనే ఉండగా మీట నొక్కి నడిపే కార్లకు అదే ప్రధాన శత్రువు. 2024లో కెనడా నేరచట్టాన్ని సవరించి, దొంగతనం కోసం ఇటువంటి పరికరాలను దగ్గర ఉంచుకోవడాన్ని నేరం చేసింది.

హామిల్టన్‌లోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికో, మొహాక్ కళాశాలకో వచ్చి, మంచు కాలానికి ముందే పాత కారు కొనే తెలుగు విద్యార్థులకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. ఆంటారియోలో అమ్మే వ్యక్తి ఇవ్వవలసిన వాడిన వాహన సమాచార పత్రంలో పాత యజమానుల చరిత్ర, అప్పుల వివరాలు ఉంటాయి గాని, ఆ కారు ఎన్ని తాళంచెవులను జ్ఞాపకం పెట్టుకుందో ఉండదు. చలిదేశంలో ఇంటి లోపలి నుంచే ఇంజిన్ నడిపించే రిమోట్ స్టార్టరును తరువాత అమర్చుకోవడం మామూలు. పాత పద్ధతిలో ఆ పనికి ఒక అసలు తాళంచెవినే డాష్‌బోర్డు వెనుక శాశ్వతంగా దాచేవారు. దొరకని రెండో తాళంచెవి అక్కడే ఉండవచ్చు, ఉంటే కారుకున్న రక్షణ ఆ మేరకు తగ్గినట్టే. కాబట్టి కొత్త తాళంచెవి చేయించుకునే రోజున, జ్ఞాపకంలో ఎన్ని తాళంచెవులు ఉన్నాయో యంత్రంలో చూపించమని పనివారిని అడగండి, చేతిలో లేనివాటిని తుడిపించండి, వీలైతే రెండు చేయించుకోండి. ఒక తాళంచెవి పనిచేస్తుండగా రెండోది చేర్చడం ఎప్పుడూ తేలిక, ఉన్నవన్నీ పోయాక చేయించడం ఖరీదైన పని.