బండి ఊపిరి గొట్టం

మా నాయిన బండి మీంచి పడ్డది ఎండ కాస్తున్న రోజున, పొడి రోడ్డు మీద. వానా లేదు, బురదా లేదు, ఎదురుగా బండీ లేదు. మా చిలుకూరు దగ్గర సాగర్ కాలువ కట్ట మలుపులో వెనక చక్రం ఒక్కసారిగా పక్కకు జారింది. మోచెయ్యి గీరుకపోయింది, పాల క్యాను సొట్టపోయింది. అదృష్టం బాగుండి కాలువలో పడలేదు. నేను పోయి చూస్తే వెనక టైరు ఒక పక్కంతా నల్లగా మెరుస్తోంది. అది ఇంజన్ ఆయిల్. ఇంజను నుంచి వచ్చిన వేలెడు లావు రబ్బరు గొట్టం ఒకటి కొస ఊడి, టైరు పక్కన వేలాడుతూ చుక్క చుక్కగా కారుతోంది.

ఆ గొట్టాన్ని ఊడదీయించింది నేనే. ఈ వ్యాసం రాయడానికి కారణమూ అదే. బి.ఎస్సీ.లో భౌతికశాస్త్రం చదువుతున్నాననే ధీమాతో చేసిన తప్పును లెక్క కట్టి చూసుకోవాలనిపించింది. మన కాలేజీ సైకిల్ స్టాండులో చాలా బండ్లకు ఇదే ‘వైద్యం’ జరిగి ఉండటం నేను కళ్లారా చూశాను.

జరిగింది ఇది. నాయిన బండి వంద సీసీది, నాలుగు స్ట్రోకులది, కార్బురేటరు కాలం నాటిది. ఎయిర్ ఫిల్టరు ఊరికే నూనెలో నానిపోతోందని తెలిసిన మెకానిక్కుకు చూపించాను. "ఈ బ్రీదరు పైపు వల్లనే తమ్మీ. ఫిల్టరు డబ్బాల నుంచి పీకి కిందికి వదులుదం. ఇంజను ఫ్రీ అయితది, పికప్పు పెరుగుతది" అన్నాడు. ఇంజనులోంచి గాలి బయటికి పోవడానికి అడ్డు తగ్గితే మంచిదే కదా అని నేనూ తలూపాను. నాయిన మాత్రం "కంపెనీవోడు ఊకెనే పెట్టిండంటవారా?" అని ఒక్క ప్రశ్న వేశాడు. దానికి నా దగ్గర జవాబు లేక నవ్వేశాను. దానికి జవాబు ఇప్పుడు చెబుతాను.

పిస్టను పైన మంట మండుతుందని అందరికీ తెలుసు. పిస్టను కింద ఏముందో ఎవరూ అడగరు. అక్కడ క్రాంకు తిరిగే గది ఉంది, అడుగున ఆయిల్ ఉంటుంది. పైన మండే వాయువు ఎంత మంచి రింగులున్నా కొద్దికొద్దిగా గోడల వెంట కిందికి జారుతూనే ఉంటుంది. దాన్ని మెకానిక్కులు బ్లో-బై అంటారు. అందులో కాలని పెట్రోలు ఆవిరి, పొగ, నీటి ఆవిరి కలిసి ఉంటాయి. దాన్ని బయటికి పంపకపోతే గదిలో ఒత్తిడి పెరిగి, సీళ్ల పక్కనుంచీ గాస్కెట్ల పక్కనుంచీ ఆయిల్‌ను నెట్టేస్తుంది. నీటి ఆవిరి ఆయిల్‌తో కలిసి, మూత విప్పి చూస్తే చిలికిన వెన్నలాగా తెల్లగా కనిపిస్తుంది. చలికాలంలో దగ్గర దగ్గర దూరాలు తిరిగే బండ్లలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం.

ఇది ఒక సంగతి. ఒంటి సిలిండరు బండికి ఇంకో సంగతి కూడా ఉంది. పిస్టను కిందికి దిగినప్పుడల్లా కింది గదిలోని గాలిని నెడుతుంది, పైకి పోయినప్పుడల్లా గుంజుతుంది. బోరు 50 మి.మీ., స్ట్రోకు 49.5 మి.మీ. అనుకుంటే ఒక్కో దెబ్బకు 97 సీసీ. నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 100 సార్లు. అంటే సెకనులో దాదాపు పది లీటర్ల గాలి కిందికీ పైకీ ఊగుతుందన్న మాట. అదంతా గొట్టంలోంచి పోదు, కొంత గదిలోనే నలిగి సర్దుకుంటుంది. 346 సీసీ బుల్లెట్టులో (బోరు 70, స్ట్రోకు 90) ఈ ఊపు ఇంకెంత ఉంటుందో లెక్క వేసుకోండి. వరసగా నాలుగు సిలిండర్లున్న కారు ఇంజనుకు ఈ బాధ దాదాపు లేదు. రెండు పిస్టన్లు దిగుతుంటే రెండు ఎక్కుతాయి కనుక కింది గది మొత్తం ఘనపరిమాణం దాదాపు మారదు.

ఇక నా తప్పు చూడండి. గొట్టం కొస గాలిలోకి వదిలితే పిస్టను దిగేటప్పుడు ఆయిల్ తుంపర బయటికి వస్తుంది, సరే. ఎక్కేటప్పుడు? బయటి గాలిని లోపలికి గుంజుతుంది. వరి కోత మిషను నడిచే రోజుల్లో పొలం బాట మీద ఎంత దుమ్ము లేస్తుందో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర లేదు. ఫిల్టరు డబ్బాకు తగిలించి ఉన్నప్పుడు ఆ గొట్టం వడకట్టిన గాలిని పీల్చేది. నేను దాన్ని తీసి, నేలకు జానెడు ఎత్తున, టైరు పక్కన దుమ్ములో పెట్టాను. ఆయిల్ టైరు మీద పడింది, దుమ్ము ఇంజనులో పడింది.

పాత బ్రిటిష్ బండ్లలో ఈ గొట్టాన్ని వెనక చైను మీదికి వదిలిన రోజులూ ఉన్నాయి. చైనుకు నూనె ఖర్చు కలిసొచ్చేది! కార్లలోనయితే రోడ్డు మీదికే వదిలేవారు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరం మీద కమ్మే పొగమంచుకు వాహనాల ఆవిర్లు కారణమని హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో చూపించాక కళ్లు తెరిచారు. సైలెన్సరు పొగ మాట అటుంచి, కారు వదిలే కాలని ఇంధనపు ఆవిరిలో సుమారు ఐదో వంతు ఈ కింది గదిలోంచే వస్తోందని తేలింది. దాంతో 1961 మోడలు కార్ల నుంచి కాలిఫోర్నియాలో ఈ ఆవిరిని మళ్లీ ఇంజను లోపలికే పంపే ఏర్పాటు వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్-6 నిబంధనల ప్రకారం మోటారు సైకిలు క్రాంక్‌కేసు నుంచి బయటి గాలిలోకి ఏమీ రాకూడదు. నాయిన ప్రశ్నకు సగం జవాబు ఇది. ఆ గొట్టం వెనక టైరు మాటే కాదు, వెనక వచ్చేవాడి ఊపిరి మాట కూడా ఉంది.

మరి పికప్పు సంగతి? ఇక్కడే నేను ఎక్కువ రోజులు తికమకపడ్డాను. కింది గదిలో ఒత్తిడి తగ్గిస్తే పిస్టను సులువుగా దిగుతుంది, కనుక బలం పెరుగుతుందని చాలామంది అంటారు. వినడానికి బాగుంది. సైకిల్ పంపు తీసుకుని కొసను వేలితో మూసి నొక్కండి. గట్టిగా ఉంటుంది, వదిలితే అదే పైకి తంతుంది. నొక్కడానికి పెట్టిన శక్తిలో చాలా భాగం తిరిగి వచ్చేసింది. కింది గది గాలి కూడా అంతే. దిగేటప్పుడు ఎంత తగ్గించి ఇస్తుందో ఎక్కేటప్పుడు అంత వసూలు చేస్తుంది. అచ్చంగా నష్టపోయేది ఎక్కడంటే, గాలి సన్నటి గొట్టంలో అటూ ఇటూ ఒరుసుకుంటూ పోయే చోట, తుంపర నిండిన గాలిని క్రాంకు చిలికే చోట. ఆ నష్టం తగ్గించవచ్చు. పందెపు బండ్లవాళ్లు పంపులు పెట్టి మరీ తగ్గిస్తారు. వాళ్లకు అర గుర్రం బలం కూడా గెలుపే. పాల క్యాన్ల బండికి అది తెలియను కూడా తెలియదు.

తగ్గించే ఉపాయం ఒక వన్‌వే వాల్వు. గాలిని బయటికి పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. పది ఇరవై చుట్లు తిరిగేసరికి గదిలో సగటు ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది, గాలి అటూ ఇటూ ఊగడం ఆగుతుంది. బుల్లెట్టుకు బాతు ముక్కులాంటి రబ్బరు వాల్వు ఇందుకే ఉండేది. కారు బ్రేకు బూస్టరు దగ్గరుండే వాల్వును ఈ పనికి వాడేవాళ్లున్నారని విని, విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను కొట్టు నుంచి ఒకటి తెచ్చాను. ఈసారి గొట్టం కొసను తిరిగి ఫిల్టరు డబ్బాకే పెట్టి, మధ్యలో దీన్ని బిగించాను.

కొలవకుండా నమ్మేది లేదని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి సెలైన్ ఎక్కించే పారదర్శక గొట్టాన్ని ‘యు’ ఆకారంలో కర్రకు కట్టి, రంగు నీళ్లు పోసి, ఒక కొసను ఆయిల్ పోసే మూతకు అమర్చాను. ల్యాబులో మనం వాడే మానోమీటరే. మొదట నీళ్లు పిచ్చిగా ఎగిరాయి. గొట్టాన్ని ఒకచోట క్లిప్పుతో నొక్కితే నిలకడకొచ్చి సగటును చూపించాయి. వాల్వు లేకుండా నీళ్లు బయటి వైపుకు నాలుగు వేళ్లు ఎక్కాయి. అంటే లోపల ఒత్తిడి ఉంది. వాల్వు పెట్టాక ఆ ఎత్తు తగ్గింది కానీ ఇంజను వేగం పెంచితే మళ్లీ ఎక్కింది. క్లచ్చు కవరు దగ్గర చెమట పట్టినట్టు కారే ఆయిల్ మాత్రం కొంచెం తగ్గింది. కోదాడ రోడ్డు మీద ఒకే జాగాలో పోతూ వస్తూ వేగం చూశాను. గాలి ఎదురైతే తగ్గింది, వెనకుంటే పెరిగింది, వాల్వు వల్ల ఏమీ కాలేదు.

సైలెన్సరు గుంజుడుకు తగిలించే పద్ధతి ఇంకొకటి ఉంది. కొన్ని బండ్లకు సైలెన్సరు మొదట్లోకి తాజా గాలి పంపే చిన్న గొట్టం, దానికో రీడు వాల్వు ఉంటాయి. పొగలో మిగిలిన ఇంధనం అక్కడ కాలిపోవడానికి పెట్టారు. ఆ గాలి గొట్టాన్ని పీకి, దాని స్థానంలో బ్రీదరు పైపును తగిలిస్తే పొగ దెబ్బల మధ్య వచ్చే గుంజుడు కింది గదిని ఖాళీ చేస్తుంది. ఆలోచన తెలివైనదే. కానీ ఆయిల్ తుంపర పోయి వేడి గొట్టంలో కాలుతుంది, అందులోని భాస్వరం, జింకు పోయి క్యాటలిటిక్ కన్వర్టరును పాడు చేస్తాయి. నేను ఆ పని చెయ్యలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. 2019 సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ ఉన్నాయి. నా బ్రేకు వాల్వు కూడా ఆ లెక్కలో పడుతుందేమోనని తరవాత తోచి, తీసి మా ల్యాబు అల్మారాలో పెట్టాను.

అసలు జబ్బు నాకు నాలుగు వేళ్ల నీళ్లు చూసిన రోజే అర్థమై ఉండాల్సింది. ఫిల్టరులో ఆయిల్ పడటం గొట్టం నేరం కాదు. లోపలి నుంచి రావలసిన దానికంటే ఎక్కువ గాలి వస్తోంది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కిక్కు కొట్టాను. అంతకు ముందు కాలు కింద మెత్తగా దిగిన కిక్కు గట్టిగా నిలబడింది. ఆయిల్ చేరి సందు మూసిందంటే ఆ సందు రింగుల దగ్గరిదే, వాల్వులది కాదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. గొట్టం పీకక ముందు చేసి ఉంటే నాయిన మోచెయ్యి బాగుండేది.

బోరు, పిస్టను, రింగుల పని యాసంగి వడ్ల పైసలు వచ్చేదాకా ఆగింది. అప్పటిదాకా నాయిన సైకిలు మీదనే పాలు పోశాడు. నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. పని అయ్యాక మళ్లీ రంగు నీళ్లు కట్టి చూస్తే రెండు పక్కలా దాదాపు సమానంగా నిలిచాయి. పికప్పు కూడా తిరిగొచ్చింది.

బ్రీదరు పైపు ఇప్పుడు ఫిల్టరు డబ్బాలోనే ఉంది. డబ్బా అడుగున ఒక చిన్న గొట్టం, దానికో బిరడా ఉంటాయి. మిగిలిన ఆయిల్, నీళ్లు అందులో చేరతాయి. నెలకోసారి నాయినే ఆ బిరడా తీసి, అరచేతిలో పిండుకుని చూసి, "ఇయ్యాల రెండే చుక్కలురా" అని నాకు ఫోను చేస్తాడు.