హిటాచీ సంస్థ పునరుద్ధరణ

హిటాచీ జపాన్ దేశానికి చెందిన బహుళజాతి సంస్థ. దీని ప్రధాన కార్యాలయం టోక్యో నగరంలో ఉంది. 2009 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈ సంస్థకు సుమారు 78,700 కోట్ల యెన్‌ల నికర నష్టం వచ్చింది. అప్పటివరకు జపాన్‌లోని ఏ ఉత్పత్తి సంస్థా ఒకే సంవత్సరంలో ఇంత నష్టపోలేదు. ఆ స్థితి నుండి కోలుకొని, తన వ్యాపార స్వరూపాన్నే మార్చుకొన్న సంస్థగా హిటాచీ ప్రసిద్ధి చెందింది.

నేపథ్యం

ఇబరాకి ప్రాంతంలోని ఒక రాగి గనిలో యంత్రాల మరమ్మతు చూసే ఇంజనీరు నమిహెయ్ ఒదైరా 1910లో ఈ సంస్థకు పునాది వేశాడు. కాలక్రమంలో ఇది విద్యుత్ కేంద్రాల యంత్రాలు మొదలుకొని టెలివిజన్‌ల వరకు అనేక వస్తువులను తయారుచేసింది. 2003లో ఐబీఎం నుండి హార్డ్ డిస్క్ వ్యాపారాన్ని కూడా కొన్నది.

నష్టాలకు కారణాలు

టెలివిజన్‌లు, హార్డ్ డిస్క్‌లు, సెమీకండక్టర్ల ధరలు పోటీ వలన వేగంగా పడిపోయాయి. ఎంత పెట్టుబడి పెట్టినా లాభం నిలువలేదు. స్టాక్ మార్కెట్‌లో విడిగా నమోదైన అనుబంధ సంస్థలు 22 ఉండటంతో, వాటి లాభాలలో కొంత భాగం ఇతర వాటాదారులకు పోయేది. ఇటువంటి సమయంలో 2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభం తోడయింది.

సంస్కరణలు

2009 ఏప్రిల్‌లో, అనుబంధ సంస్థలలో పనిచేస్తున్న 69 ఏళ్ళ తకాషి కవమురాను వెనుకకు పిలిపించి, అధ్యక్ష బాధ్యతలు అప్పగించారు. మరుసటి సంవత్సరం హిరోఆకి నకనిషి అధ్యక్షుడయ్యాడు. వీరి కాలంలో ఐదు అనుబంధ సంస్థలు పూర్తిగా మాతృసంస్థలో చేరాయి. కొత్త వాటాల జారీ ద్వారా మూలధనం సమకూరింది. 2012లో హార్డ్ డిస్క్ వ్యాపారం వెస్టర్న్ డిజిటల్ పరమైంది. టెలివిజన్‌ల సొంత తయారీ కూడా ఆగిపోయింది. 2011 మార్చితో ముగిసిన సంవత్సరంలో సుమారు 23,900 కోట్ల యెన్‌ల నికర లాభం వచ్చింది.

దీర్ఘకాలిక దృక్పథం

విద్యుత్తు, రైళ్ళు, నీటి సరఫరా వంటి ప్రజావసర వ్యవస్థలను సమాచార సాంకేతికతతో జోడించడమే హిటాచీ ఎంచుకొన్న మార్గం. దీనికి "సోషల్ ఇన్నోవేషన్" అని పేరు పెట్టారు. టెలివిజన్ అమ్మిన రోజుతో ఆదాయం ముగుస్తుంది. రైలు విషయం అట్లా కాదు. బ్రిటన్‌తో 2012లో కుదిరిన ఒప్పందం ప్రకారం హిటాచీ రైళ్ళను తయారుచేయడమే కాక, వాటి నిర్వహణను కూడా సుమారు 27 ఏళ్ళపాటు చూడాలి. యంత్రాల నుండి వచ్చే సమాచారాన్ని విశ్లేషించి, లోపాలను ముందుగా పసిగట్టడం వంటి సేవల కోసం 2016లో "లుమాడా" అనే వేదికను ప్రారంభించారు. 2020లో ఏబీబీ విద్యుత్ గ్రిడ్ వ్యాపారంలో 80.1 శాతం వాటాను, 2021లో సాఫ్ట్‌వేర్ సంస్థ గ్లోబల్‌లాజిక్‌ను కొన్నారు.

ఇబ్బందులు

ఈ మార్గం నష్టభయం లేనిది కాదు. 2012లో చేపట్టిన బ్రిటన్ అణువిద్యుత్ పథకాన్ని 2019లో నిలిపివేయడంతో సుమారు 30,000 కోట్ల యెన్‌ల నష్టాన్ని లెక్క చూపవలసి వచ్చింది. 2020లో ఆ పథకం నుండి సంస్థ వైదొలగింది. లాభాలలో ఉన్న పాత వ్యాపారాలను సైతం వదులుకోవలసి వచ్చింది. రసాయనాల విభాగం 2020లోను, లోహాల విభాగం 2023లోను ఇతరుల చేతికి వెళ్ళాయి. దీనితో 2009లో 22గా ఉన్న నమోదిత అనుబంధ సంస్థల సంఖ్య సున్నాకు చేరింది.